డబ్బు తీసుకోని ఫ్యాన్ గేమ్‌కి కూడా కాపీరైట్ అడ్డొస్తుందా? మా ఘటోత్కచుడి గేమ్ ఆపేయాలా?

కావలి కోడర్ | శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మాది కావలి. నేను డిగ్రీ ఫైనలియర్. నేనూ, మా చిన్నాన్న కొడుకూ కలిసి రెండేళ్లుగా ఒక గేమ్ చేస్తున్నాం. పేరు ఇంకా ఖాయం చేయలేదు గానీ ఇంట్లో అందరూ ‘ఘటోత్కచుడి గేమ్’ అనే అంటారు. 1957 మాయాబజార్ అంటే మా ఇంట్లో ప్రాణం. మా తాతకి మాటలన్నీ నోటికి వచ్చు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆడించాలనే మొదలుపెట్టాం.

గోడో ఇంజిన్‌లో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) చేశాం. ఆరు లెవెల్స్. చివరిది పెళ్లివారి వంటశాల. గాడిపొయ్యిల మీద నుంచి దూకుతూ గారెలు, బూరెలు, లడ్డూలు తినాలి. తినేకొద్దీ ఒళ్లు పెరుగుతుంది, పెరిగేకొద్దీ దూకడం కష్టమవుతుంది. ఆ లెక్క కుదరడానికే నాలుగు నెలలు పట్టింది. గెలిస్తే వీరతాడు.

యాడ్స్ లేవు. ఎవరినీ పైసా అడగం. ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ ఫోన్‌లో గేమ్ ఎక్కించుకునేది) నెట్‌లో ఊరికే పెడదామనుకున్నాం. పోయిన వారం నెల్లూరులో ఒక కాలేజీ ఫెస్ట్‌లో ఆడించాం. పిల్లలు క్యూ కట్టారు. అక్కడ ఒక సార్ బాగా మెచ్చుకుని, వెళ్లేటప్పుడు “అప్‌లోడ్ మాత్రం చేయబాకండి, కాపీరైట్ కేసు పడుద్ది” అన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. మా తమ్ముడికి సరిగా నిద్ర లేదు. గేమ్ చివర్లో ‘హక్కులన్నీ సినిమా నిర్మాతలవే, మేం అభిమానులం మాత్రమే’ అని రాశాం. అది చాలదా? తెలిసినవాళ్లు చెప్పండి.

పెన్నా గట్టు | శనివారం, రాత్రి 10:40

తమ్ముడూ, టెన్షన్ పడొద్దు. డబ్బు చేసుకుంటేనే కేసు. యూట్యూబ్‌లో ఆ సినిమా ముక్కలు ఎన్ని లేవు? పైగా 30 సెకన్ల లోపు పాట వాడుకుంటే ఏమీ కాదని మా ఫ్రెండ్ ఎడిటర్ చెప్పాడు. ధైర్యంగా పెట్టేయండి, నేను మొదట డౌన్‌లోడ్ చేస్తా.

ఉదయగిరి దుర్గం | శనివారం, రాత్రి 11:05

నేనూ అదే అంటాను. పాత సినిమాని ఈ తరం పిల్లల చేతికి ఇస్తున్నారు. హక్కులున్నవాళ్లు చూస్తే సంతోషించాల్సిన పని ఇది. అభిమానులు పట్టించుకోకపోతే పాతవన్నీ డబ్బాల్లోనే పాడైపోతాయి.

ఒంగోలు వకీలు | ఆదివారం, ఉదయం 7:30

నేను ఒంగోలులో పదకొండేళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నాను. పై ఇద్దరిదీ మంచి మనసే. కానీ ఆ మాటలు నమ్మి ఈ పిల్లలు అప్‌లోడ్ చేస్తే రేపు నోటీసు అందుకునేది వీళ్లు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన కాపీరైట్ చట్టం కూడా 1957దే. అందులో 51వ సెక్షన్ చదవండి. హక్కుదారు ఒక్కరే చేయదగ్గ పనిని ఆయన అనుమతి లేకుండా మనం చేస్తే అది ఉల్లంఘన. ‘డబ్బు తీసుకుంటేనే’ అనే షరతు అక్కడ లేదు. మినహాయింపులు 52వ సెక్షన్‌లో ఉన్నాయి: సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వార్తలు చెప్పడం, ఇలా ఒక జాబితా. ఊరందరికీ ఉచితంగా పంచడం ఆ జాబితాలో లేదు. నెట్‌లో చాలామంది చెప్పే ‘ఫెయిర్ యూజ్’ అమెరికా మాట. అక్కడ కోర్టు నాలుగు విషయాలు తూచి చూస్తుంది, లాభాపేక్ష ఉందా లేదా అన్నది అందులో మొదటిదానిలో ఒక భాగం. మనది ‘ఫెయిర్ డీలింగ్’. ఏది చేయొచ్చో చట్టంలోనే రాసి ఉంటుంది.

మరి డబ్బు తీసుకోకపోవడం ఎక్కడ పనికొస్తుంది? శిక్ష దగ్గర. తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం చేసింది కాకపోతే, తగిన ప్రత్యేక కారణాలు రాసి కోర్టు శిక్ష తగ్గించవచ్చు. తగ్గించే మాట వచ్చిందంటే తప్పు జరిగిందని ముందే తేలినట్టు కదా.

ఇక 30 సెకన్ల లెక్క చట్టంలో ఎక్కడా లేదు. పాటకి ప్రాణం ఆ ఐదు సెకన్ల పల్లవిలోనే ఉండొచ్చు. ‘హక్కులు వాళ్లవే’ అని చివర్లో రాయడం అనుమతి కిందకి రాదు. వేరేవాళ్ల హక్కు అని మీకు తెలుసని మీరే సంతకం పెట్టి ఇచ్చినట్టవుతుంది.

భయపెట్టడానికి రాయడం లేదు నాయనా. మామూలుగా మొదట వచ్చేది పోలీసులు కాదు, నోటీసు. హక్కుదారు సరైన ఫిర్యాదు పంపితే, 2013 కాపీరైట్ రూల్స్ ప్రకారం వెబ్‌సైట్ వాళ్లు 36 గంటల్లో దాన్ని కనపడకుండా చేయాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి పెట్టుకోవచ్చు. మీ గేమ్‌లో ఏమేం ఎక్కడి నుంచి తెచ్చారో, చిన్న శబ్దంతో సహా, దాచకుండా రాయండి. అప్పుడు ఏది ఉంచాలో ఏది తీయాలో చెప్పగలను.

మైపాడు అల | ఆదివారం, ఉదయం 9:15

మాది ఇందుకూరుపేట దగ్గర. హైదరాబాద్‌లో గేమ్ స్టూడియోలో పనిచేస్తున్నాను. వకీలు మేడమ్ చెప్పిందానికి బయటి దేశాల అనుభవం కలుపుతాను, ఎందుకంటే ఈ దెబ్బ తిన్నవాళ్లలో చాలామంది ఒక్క రూపాయి తీసుకోనివాళ్లే.

నింటెండో కంపెనీ వాళ్ల మెట్రాయిడ్ రెండో గేమ్‌ని ఒక అభిమాని దాదాపు పదేళ్లు కూర్చుని కొత్తగా చేశాడు. 2016 ఆగస్టు 6న, మెట్రాయిడ్‌కి 30 ఏళ్లు నిండిన రోజున, ఉచితంగా విడుదల చేశాడు. వెంటనే నింటెండో నుంచి నోటీసులు వెళ్లాయి, డౌన్‌లోడ్ లింకులు పోయాయి. అదే నెలలో పోకెమాన్ యురేనియం. అది తొమ్మిదేళ్ల పని, అదీ ఉచితమే. 15 లక్షల డౌన్‌లోడ్లు దాటాయని చేసినవాళ్లే చెప్పారు. దాన్నీ వాళ్లు తీసేయాల్సి వచ్చింది. 2011లో స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ రీమేక్, ఎనిమిదేళ్ల పని, సెగా అడిగితే రోజుల్లోనే తీసేశారు. 2009లో క్రోనో ట్రిగ్గర్ అనే గేమ్ మీద చేసిన క్రిమ్సన్ ఎకోస్ అయితే విడుదలకి కొన్ని వారాల ముందు స్క్వేర్ ఎనిక్స్ లేఖతో ఆగిపోయింది.

ఇవి చదివినప్పుడల్లా నాకు మనసు పిండినట్టుంటుంది. పది సంవత్సరాలంటే ఒక మనిషి యవ్వనం. తమ్ముడూ, మీది రెండేళ్లే అయింది, ఇంకా ఏదీ బయటికి పోలేదు. ఇప్పుడు అడగడం ఎంత మంచిదైందో.

ఉదయగిరి దుర్గం | ఆదివారం, ఉదయం 10:02

అన్నా, ఒక వైపే చెబితే ఎట్టా? సోనిక్ మీద అభిమానంతో పనిచేస్తున్న కుర్రాళ్లనే పిలిచి సోనిక్ మేనియా చేయించి 2017లో విడుదల చేసింది సెగా. హాఫ్-లైఫ్‌ని అభిమానులు తిరిగి కట్టిన బ్లాక్ మీసాని తన గేమ్‌ల దుకాణం స్టీమ్‌లో అమ్ముకోమంది, హాఫ్-లైఫ్ చేసిన వాల్వ్. 2012లో మెగా మ్యాన్ ఫ్యాన్ గేమ్‌ని క్యాప్‌కామే తన తరఫున ఉచితంగా విడుదల చేసింది. కింగ్స్ క్వెస్ట్ అభిమానుల గేమ్‌ని 2005లో ఆపమన్నారు, అభిమానులు ఉత్తరాలు రాస్తే షరతులతో ఒప్పుకున్నారు. గట్టిగా నిలబడితే దారి దొరుకుతుందని నా నమ్మకం.

మైపాడు అల | ఆదివారం, ఉదయం 10:20

మీరు చెప్పినవన్నీ నిజమే. నేనూ వాటిని తలుచుకునే ఈ పనిలోకి వచ్చాను. కానీ ఒకటి చూడండి: ఆ నాలుగింటిలోనూ హక్కున్నవాళ్లు నోరు తెరిచి ‘సరే’ అన్నారు. సెగా ఒక గేమ్‌కి వద్దంది, సోనిక్ మేనియాకి తనే పిలిచింది. కంపెనీ అదే, జవాబు వేరు. ఆ ‘సరే’ రాకముందే రెండేళ్ల పని పందెం కాయమని వీళ్లకి నేను చెప్పలేను. ముందే తలుపు తీసి పెట్టినవాళ్లూ ఉన్నారు. జపాన్‌లో టోహో ప్రాజెక్ట్ అనే గేమ్‌ల వరస చేసిన ఆయన, అభిమానులు ఏం చేయొచ్చో ఏం చేయకూడదో నియమాలు రాసి పెట్టారు. దాని మీద ఎన్ని ఫ్యాన్ గేమ్‌లు వచ్చాయో లెక్కలేదు. ఫ్యాన్ గేమ్ చేయాలనుకునేవాళ్లు కోడ్ రాయకముందే ఆ పేజీ ఉందా లేదా అని వెతకాలి.

కావలి కోడర్ | ఆదివారం, మధ్యాహ్నం 1:48

అందరికీ చాలా థాంక్స్. తమ్ముడూ నేనూ కూర్చుని ఫోల్డర్లన్నీ తిరగేశాం. దాచకుండా రాస్తున్నాం.

ఘటోత్కచుడి బొమ్మ: సినిమా రంగుల వెర్షన్ నుంచి స్క్రీన్‌షాట్లు తీసి, వాటి మీద గీసి పిక్సెల్స్ చేశాం. ఎస్వీ రంగారావు గారి ముఖం, కిరీటం, గద అన్నీ అచ్చం అవే. వంటశాల లెవెల్‌లో పెళ్లి భోజనం పాట అసలు రికార్డింగ్ 40 సెకన్లు ఉంది, తర్వాత అదే ట్యూన్ తమ్ముడు కీబోర్డు మీద వాయించింది తిరుగుతూ ఉంటుంది. పదకొండు డైలాగులు తాత గొంతుతో రికార్డు చేశాం. టైటిల్ అక్షరాలు సినిమా టైటిల్ చూసి గీశాం. గోడలు, చెట్లు ‘ఫ్రీ’ అని ఉన్న సైట్ల నుంచి తెచ్చాం, ఏ సైటో ఇప్పుడు గుర్తు లేదు. దూకే శబ్దం మారియోది. కోడ్ మొత్తం మాదే. లెవెల్స్ మావే. తినేకొద్దీ బరువు పెరిగే ఆలోచనా మాదే.

రాసుకుంటూ పోతుంటే మావి కానివి ఇన్ని ఉన్నాయా అనిపించింది.

ఒంగోలు వకీలు | ఆదివారం, సాయంత్రం 5:10

దాచకుండా రాసినందుకు సంతోషం. వరసగా చూద్దాం.

మొదట సినిమా. సినిమాకి కాపీరైట్ విడుదలైన మరుసటి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్లు. ఈ సినిమా 1957 మార్చిలో వచ్చింది. అంటే 1958 జనవరి నుంచి లెక్క, 2017 డిసెంబర్ 31తో సినిమాగా దాని గడువు తీరింది. ఇక్కడే చాలామంది ఆగిపోయి ‘పాత సినిమా, అందరిదీ’ అనుకుంటారు. కానీ సినిమా లోపల ఉన్న మాటలకి, పాటలకి, బాణీలకి వేరే కాపీరైట్ ఉంటుంది. వాటి గడువు రచయిత ఆయుష్షుని బట్టి నడుస్తుంది: ఆయన పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు. కాబట్టి అవి 2031 చివరి దాకా రక్షణలో ఉంటాయి. సంగీతం ఘంటసాల గారిది, ఆయన 1974లో పోయారు, అంటే 2034 చివరి దాకా. ఇందులో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావు గారివి, ఆయన 1999 దాకా ఉన్నారు, వాటి లెక్క ఇంకా దూరం పోతుంది. సినిమా కోసం రాయించుకున్న పాటలకి, ఒప్పందం వేరేగా లేకపోతే, నిర్మాతే మొదటి యజమాని అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. యజమాని ఎవరైనా గడువు మాత్రం రాసినవాళ్ల ఆయుష్షుతోనే ముడిపడి ఉంటుంది.

కాబట్టి పాట రికార్డింగ్ గడువు 60 ఏళ్లతో తీరినా, ఆ రికార్డింగ్‌లో మోగే సాహిత్యం, బాణీ గడువు ఇంకా తీరలేదనే అనుకోవాలి. తమ్ముడు కీబోర్డు మీద వాయించినా బాణీ అదే కదా. రెండూ తీసేయాలి. పదకొండు డైలాగులూ అంతే. తాతగారి గొంతు ఎంత ముద్దొచ్చినా, మాటలు పింగళి వారివి.

బొమ్మ దగ్గర రెండు చిక్కులు. మీరు వాడింది 2010లో రంగులద్దిన వెర్షన్. దాని మీద కొత్త హక్కు మాదని వాళ్లు అనే వీలుంది, ఆ గొడవలోకి మీరెందుకు? రెండోది నటుల ముఖాలు. బతికున్న నటుల పేరు, ముఖం, మాట తీరు అనుమతి లేకుండా వాడితే కోర్టులు ఊరుకోవడం లేదు. రజనీకాంత్ గారికి 2015లో మద్రాసు హైకోర్టు, అనిల్ కపూర్ గారికి 2023లో ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వులిచ్చాయి. పోయినవాళ్ల విషయంలో ఆ హక్కు వారసులకి రాదని అదే ఢిల్లీ హైకోర్టు 2023లో ఇంకో కేసులో అంది. అయినా రంగారావు గారి ముఖాన్ని అచ్చుగుద్దినట్టు పెట్టమని నేను చెప్పను.

టైటిల్: ఉట్టి పేరుకి కాపీరైట్ ఉండదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అదే పేరు, అదే అక్షరాల వంపుతో పెడితే జనం అది వాళ్లదే అనుకుంటారు, అది ట్రేడ్‌మార్క్ వైపు పోతుంది. వేరే పేరు పెట్టండి. ‘వీరతాడు’ ఒక్క మాట, దాని గురించి నాకు బెంగ లేదు. మారియో శబ్దం ఈ రాత్రికే తీసేయండి.

ఇప్పుడు మంచి మాట. కథాంశానికి, ఆలోచనకి కాపీరైట్ లేదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుంది. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఘటోత్కచుడు ఏ కంపెనీ సొత్తూ కాదు. ఆయన పుట్టుక నన్నయ ఆదిపర్వంలో ఉంది, చావు మన నెల్లూరు తిక్కన ద్రోణపర్వంలో ఉంది. శశిరేఖ పెళ్లి వ్యాసుడి భారతంలో లేదు, అది జనం నోట పెరిగిన కథ. 1936లోనే ఇదే కథ తెలుగులో సినిమాగా వచ్చింది. వంటశాలలో రాక్షసుడు దూరి తినడం, తిని ఉబ్బడం, దూకలేకపోవడం, ఈ లెక్కంతా మీ సొత్తు. దాన్ని ఎవరూ మీ దగ్గర నుంచి తీసుకోలేరు.

పెన్నా గట్టు | ఆదివారం, సాయంత్రం 5:44

మేడమ్, 30 సెకన్ల మాట నేనే అన్నాను. తప్పు చెప్పాను, క్షమించండి. తమ్ముడూ, నువ్వు అడగకుండా నా మాట విని ఉంటే నాకు చాలా బాధగా ఉండేది.

ఇంకో అనుమానం. ఆడినవాళ్లు ఇష్టపడి టీ ఖర్చులకి ఏదైనా పంపేలా క్యూఆర్ కోడ్ పెట్టుకోవచ్చా?

ఒంగోలు వకీలు | ఆదివారం, సాయంత్రం 6:00

పూర్తిగా సొంతమైన గేమ్‌కి హాయిగా పెట్టుకోండి. ఇతరుల బొమ్మలు, పాటలు ఉన్న గేమ్‌కి క్యూఆర్ పెడితే ‘లాభం కోసం కాదు’ అనే ఆ ఒక్క మాట కూడా చేజారుతుంది. ట్రైలర్ వీడియో మీద యాడ్స్ డబ్బు వచ్చినా అంతే.

మార్కాపురం పలక | ఆదివారం, రాత్రి 8:31

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా పాప ఎనిమిదో తరగతి. పోకెమాన్ బొమ్మలు తనే గీసి, కంప్యూటర్‌లో చిన్న గేమ్ చేసుకుంటోంది. మార్కాపురం వీధులు, పలకల కార్ఖానా అన్నీ పెట్టింది. ఇదంతా చదివి గుండె దడగా ఉంది. ఆపించాలా?

ఒంగోలు వకీలు | ఆదివారం, రాత్రి 8:50

ఆపించకండి అన్నగారూ. ఇంట్లో నేర్చుకోవడానికి చేసుకునేది సొంత వాడకం కిందకే వస్తుంది. నెట్‌లో పెట్టకుండా, గ్రూపుల్లో పంచకుండా చూసుకోండి, చాలు. పలకల కార్ఖానాలో తిరిగే జంతువు ఒకటి తనే పుట్టిస్తే ఎలా ఉంటుందో అడిగి చూడండి.

బొమ్మలాట మనవడు | సోమవారం, రాత్రి 9:20

ఈ చర్చ మూడుసార్లు చదివాను. రాయాలా వద్దా అనుకుని చివరికి రాస్తున్నాను. మాది కనిగిరి వైపు పల్లె. మా తాత, ముత్తాత తోలుబొమ్మలాట ఆడినవాళ్లు. నాన్న ఇప్పటికీ ఏడాదికి రెండు మూడు ఆటలు ఆడతాడు.

మా ఇంట్లో ఘటోత్కచుడు ఉన్నాడు. మనిషంత నిలువు. మేక తోలు, ముత్తాత చేసిన బొమ్మ. తెర వెనక దీపం పెడితే ఒంటి మీద చిల్లులన్నీ నగల్లా మెరుస్తాయి. సినిమా రాకముందు మా ఊళ్లలో జనానికి ఘటోత్కచుడంటే ఆ నీడే. సినిమాని తక్కువ చేయడం లేదు, మా నాన్నకీ అది ప్రాణమే.

నేను చెప్పాలనుకున్నది వేరే. కొన్నేళ్ల కిందట ఒక ఉత్సవంలో నాన్న రామాయణం ఆడాడు. ఒకాయన వచ్చి బొమ్మలన్నీ దగ్గరగా ఫోటోలు తీసుకున్నాడు. మేం మంచినీళ్లిచ్చి, బొమ్మలు ఎత్తి పట్టుకుని చూపించాం. ఆర్నెల్ల తర్వాత మా బొమ్మలు ఒక ఫోన్ యాప్‌లో కనబడ్డాయి. పేరు లేదు, ఊరు లేదు. సీతమ్మ బొమ్మని తిప్పి శూర్పణఖగా పెట్టారు. ఫోన్ చేసి అడిగితే “మేం దాని మీద డబ్బు చేసుకోలేదండీ, ఫ్రీ యాప్” అన్నాడు. ఆయన నిజమే చెప్పి ఉండొచ్చు. నాన్న డబ్బు అడగలేదు. “సీతమ్మని అట్టా ఎందుకు చేశావయ్యా” అని ఒక్కమాట అడిగి ఫోన్ నాకిచ్చాడు. తర్వాత రెండు రోజులు బొమ్మల పెట్టె తెరవలేదు.

ఫ్రీ అనే మాట ఇచ్చేవాడి నోట రావాలి కదా. తీసుకునేవాడు ఫ్రీ అంటే ఎట్టా? కావలి తమ్ముడు ముందుగా అడిగాడు కాబట్టి ఈ మాట అతని మీద కోపంతో రాయడం లేదు, అతని మీద నమ్మకంతో రాస్తున్నాను.

ఉదయగిరి దుర్గం | సోమవారం, రాత్రి 9:58

అన్నా, మీ నాన్నగారి మాట చదివాక నేను మొదట రాసింది మళ్లీ చదువుకున్నాను. హక్కున్నవాళ్లంటే నాకు ఎప్పుడూ పెద్ద కంపెనీ ఆఫీసే కళ్ల ముందు మెదిలేది. కనిగిరిలో బొమ్మల పెట్టె ముందు కూర్చున్న మనిషి మెదల్లేదు. అభిమానుల వల్ల పాతవి బతుకుతాయన్న మాట మీద మాత్రం ఇంకా నిలబడే ఉన్నాను.

ఒంగోలు వకీలు | సోమవారం, రాత్రి 10:15

మీ నాన్నగారు అడిగిన మాటకి చట్టంలో చోటుంది. 57వ సెక్షన్. కాపీరైట్ అమ్మేసుకున్నా సరే, తన పనికి తన పేరు ఉండాలనీ, తన గౌరవం చెడేలా దాన్ని వక్రీకరించకూడదనీ అడిగే హక్కు రచయితకి, కళాకారుడికి ఉంటుంది. ఆట ఆడినవాడిగా మీ నాన్నగారికి ప్రదర్శకుల హక్కు కూడా ఉంది, 50 ఏళ్లు. ముత్తాతగారు పోయి 60 ఏళ్లు దాటి ఉంటే ఆ బొమ్మ మీద కాపీరైట్ గడువు తీరి ఉండొచ్చు. నాన్నగారు తన చేత్తో చేసిన బొమ్మలు మాత్రం ఆయనవే. మీకు ఇష్టమైతే నాకు విడిగా రాయండి, ఆ యాప్ సంగతి చూద్దాం. ఫీజు మాట ఎత్తకండి.

కావలి కోడర్ | సోమవారం, రాత్రి 11:30

అన్నా, మీ పోస్టు తాతకి చదివి వినిపించాను. ఆయన చిన్నప్పుడు కావలి దగ్గర రాత్రంతా తోలుబొమ్మలాట చూశాడట. తెల్లవారాక బొమ్మలవాళ్లకి ఇంటింటి నుంచీ బియ్యం ఇచ్చేవాళ్లని చెప్పాడు. “ఆ ఘటోత్కచుణ్ణి పెట్టండిరా” అన్నాడు.

అందుకే అడుగుతున్నాను. మీ ఇంట్లో ఘటోత్కచుణ్ణి చూసి, మా గేమ్‌లో బొమ్మ కొత్తగా గీసుకోవచ్చా? నాన్నగారు వద్దంటే వద్దు. ఒప్పుకుంటే మొదటి తెర మీదే ఆయన పేరు, ఊరు పెడతాం. గీసింది ఆయనకి చూపించాకే గేమ్‌లోకి ఎక్కిస్తాం.

ఆత్మకూరు నాదం | మంగళవారం, ఉదయం 6:45

నేను స్కూల్లో సంగీతం చెబుతాను. వంటశాల లెవెల్‌కి పాట నేను చేసిస్తాను. రాగానికి యజమాని ఉండడు, ఎవరి బాణీ వాళ్లదే. మా అమ్మ రోకటి పాటల నడక ఒకటి నా చెవిలో ఎప్పటి నుంచో ఉంది. డప్పు, తాళాలు చాలు. గేమ్ ఉచితంగా ఉన్నంత కాలం వాడుకోవచ్చని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తాను. లైసెన్స్ రాతపూర్వకంగానే ఉండాలని నాకూ ఈ మధ్యే తెలిసింది.

మైపాడు అల | మంగళవారం, మధ్యాహ్నం 2:10

మంచిది. ఆ కాగితం మీ అన్నదమ్ములిద్దరి మధ్య కూడా ఉండాలి తమ్ముడూ. కోడ్ ఎవరిది, బొమ్మలు ఎవరివి, రేపు ఒకరు ఉద్యోగానికి పోతే గేమ్ ఎవరి దగ్గర ఉంటుంది, అన్నీ ఇప్పుడే ప్రేమగా ఉన్నప్పుడే రాసుకోండి.

ఎక్కడి నుంచి వచ్చాయో గుర్తులేని గోడలు, చెట్లు మొత్తం తీసేయండి. ‘ఫ్రీ’ అని ఉంటే చాలదు, ఏ లైసెన్సో చూడాలి. సీసీ అంటే క్రియేటివ్ కామన్స్, ఎలా వాడుకోవచ్చో ముందే చెప్పే లైసెన్సులు. సీసీ-జీరో అయితే ఏమీ అడగరు. సీసీ-బై అయితే పేరు చెప్పాలి. ఎన్‌సీ (వ్యాపారానికి వాడకూడదు) అని ఉంటే రేపు మీరు గేమ్ అమ్మాలనుకున్నప్పుడు అది అడ్డం పడుతుంది. ఓపెన్‌గేమ్‌ఆర్ట్ సైట్‌లో ప్రతి బొమ్మ పక్కనా లైసెన్స్ రాసి ఉంటుంది. డౌన్‌లోడ్ చేసిన రోజే ఒక ఫైల్‌లో పేరు, లింకు, తేదీ రాసి పెట్టుకోండి. తెలుగు ఫాంట్ల విషయంలో మన అదృష్టం బాగుంది. మండలి, రామభద్ర, గిడుగు లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో ఉన్నాయి, గేమ్‌లో వాడుకోవచ్చు. గోడోది ఎంఐటీ లైసెన్స్, ఆ నోటు క్రెడిట్స్‌లో పెడితే చాలు.

కావలి కోడర్ | తర్వాతి శుక్రవారం, రాత్రి 9:05

ఇప్పటిదాకా జరిగింది చెబుతాను. పాట, డైలాగులు, మారియో శబ్దం, టైటిల్ అక్షరాలు తీసేశాం. తీసేసిన రాత్రి గేమ్ మూగగా నడుస్తుంటే తమ్ముడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాకూ గొంతు పట్టేసింది. తర్వాత దూకే శబ్దం కోసం మా పెరట్లో ఖాళీ ఇత్తడి బిందె బోర్లించి కొట్టాం. బాగా కుదిరింది.

డైలాగులు వాడుకోవచ్చా అని హక్కుదారులనుకున్న చోటికి ఉత్తరం కూడా రాశాం. జవాబు రాలేదు. రాకపోతే ఒప్పుకున్నట్టేనా అని అడిగితే, కాదు, మౌనం అనుమతి కిందకి రాదని వకీలు మేడమ్ ఫోన్‌లో చెప్పారు. పాత వెర్షన్ తాత ఫోన్‌లో ఒక్కచోటే ఉంచాం. ఎవరికీ పంపం. పొద్దున కాఫీ తాగుతూ తన గొంతు తనే విని నవ్వుకుంటున్నాడు.

తాతకి కొత్త మాటలు రాసిస్తున్నాం. నెల్లూరు యాసలో మాట్లాడే ఘటోత్కచుడు. “యాడికబ్బయ్యా పొయ్యేది, ఇంకా గారెలుండాయి” అని తాత అంటుంటే, సినిమా డైలాగు చెప్పినప్పటికంటే ఎక్కువ ఉషారుగా ఉంది ఆయన ముఖం.

బొమ్మలాట మనవడు | శుక్రవారం, రాత్రి 10:40

తమ్ముడూ, నాన్న ఒప్పుకున్నాడు. ఆదివారం రండి. కనిగిరి బస్టాండ్‌కి నేను బండి తీసుకొస్తాను. తాతగారు రాగలిగితే తీసుకురండి, నాన్న తెర కడతానన్నాడు.

కాగితం రాసుకుందాం. డబ్బు వద్దన్నాడు. రెండు మాటలు రాయమన్నాడు: ముత్తాత పేరు తప్పు లేకుండా ఉండాలి, బొమ్మని ఎప్పుడూ తలకిందులుగా పెట్టకూడదు. ఇంకో మాట అడగమన్నాడు. మా ఘటోత్కచుడికి భుజం, మోచెయ్యి, మణికట్టు, మెడ అన్నీ వేరువేరుగా ఆడతాయి. మీ ఫోన్‌లో ఎన్ని కీళ్లు ఆడతాయని అడుగుతున్నాడు.

కావలి కోడర్ | శుక్రవారం, రాత్రి 10:52

ఇప్పటికి రెండే అన్నా. చెయ్యి ఒకటి, కాలు ఒకటి. నాన్నగారు ఆడించేది చూసి మిగతావి కలుపుతాం. తమ్ముడు ఇప్పుడే మెడ కోడ్ రాయడం మొదలుపెట్టాడు. తాతా వస్తున్నాడు, పొద్దున ఆరున్నర బస్సుకి.